మండలాఫీసు కంప్యూటర్‌లో నాయిన

చిన్నప్పుడు నాకొక ఉద్యోగం ఉండేది. జీతం లేదు గానీ పని చాలానే ఉండేది. ఎక్కడ ఎవరు అడిగినా మా నాయిన పేరు చెప్పడమే ఆ ఉద్యోగం.

అమ్మ చెప్పేది కాదు. పెళ్లయిన ఆడది మొగుడి పేరు నోటితో పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుంది. మక్తల్ చుట్టుపక్కల పల్లెల్లో ఈ సంగతి ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేదు, పాలతోపాటే ఒంటబడుతుంది. రేషన్ దుకాణంలోనో, దవాఖానలోనో, విత్తనాలిచ్చే సొసైటీలోనో "ఇంటాయన పేరేంది?" అని అడగగానే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిందికి చూసేది. ఆమె చూసేచోట నేనుండేదాన్ని. తల పైకెత్తి, ఇంటిపేరుతో సహా, బడిలో పద్యం అప్పజెప్పినట్టు చెప్పేదాన్ని. కొందరు గుమాస్తాలు నవ్వేవారు, కొందరు తల కూడా ఎత్తకుండా రాసుకునేవారు. ఆ పేరేమిటో ఇక్కడ నేను రాయబోవడం లేదు. దానికి నా కారణాలు నాకున్నాయి.

అది మా ఊరి గుట్ట మీద వెలసిన దేవుడి పేరు. అందుకని అమ్మ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. దేవుణ్ణి "గుట్ట మీది సామి" అనేది. పక్కింటివాళ్లు కొడుక్కి అదే పేరు పెట్టుకుంటే, వాణ్ణి "ఓ పేరులేనోడా" అని పిలిచేది. అది ఊరంతా అంటుకుంది. వాడు పెద్దవాడై, ట్రాక్టరు కొని, ముగ్గురు పిల్లల తండ్రి అయ్యాక కూడా మా ఊళ్లో పేరులేనోడిగానే మిగిలాడు. శనివారం భజనలో అందరితో కలిసి గొంతెత్తి పాడే మనిషి, ఆ మాట వచ్చిన చోట టక్కున నోరు మూసేది. చేతిలో తాళం మాత్రం ఆపేది కాదు.

పల్లికాయ తెంపే కాడ ఆడవాళ్లకు ఇదొక కాలక్షేపం. ఎవరితో ఒకరితో మొగుడి పేరు పలికించాలని చూసేవారు. అమ్మ దగ్గర మాత్రం ఎవరి ఎత్తులూ పారలేదు. ఆమె ఆ పేరు పలికింది పెళ్లినాడొక్కసారే. కొత్త కోడలు గడప దాటాలంటే పేరు చెప్పాలని ఆడబిడ్డలు తలుపుకు అడ్డం నిలబడతారు కదా, ఆ ఒక్కనాడు చెబితే దోషం లేదంటారు. అమ్మ చెప్పిందట. వినపడలేదని మా మేనత్త మళ్లీ చెప్పించిందట. ఈ ముచ్చట చెప్పేటప్పుడు అమ్మ ముఖం చూడాలి. అంత వయసొచ్చినా సిగ్గుపడేది.

నా బుద్ధి తెలిసీ తెలియని రోజుల్లో ఈ పేరు చెప్పే పని అంతగా ఉండేది కాదు. ఊరి పట్వారీకి ఎవరి పెండ్లాం ఎవరో, ఎవరి బర్రె ఎవరి చేలో పడిందో అన్నీ తెలుసు. తెలిసినవాడు అడగడు. ఎనభైల్లో ఆ పట్వారీల కాలం పోయి మండలాలు వచ్చాయి. కొత్త ఆఫీసులో కొత్త మనుషులు, ఎక్కడెక్కడి నుంచో బదిలీ మీద వచ్చినవాళ్లు. వాళ్లకు మా ముఖాలు తెలియవు కాబట్టి పేర్లు అడిగేవారు. అప్పటినుంచి నా ఉద్యోగం పెరిగింది.

ఆ ఉద్యోగంలో నన్ను పెట్టింది నాయినే. నన్ను బడిలో వేసే రోజుల్లో పొద్దున్నే గట్టు వెంట నడిపించుకుంటూ తీసుకుపోయేవాడు. దారిలో తానే సారయ్యేవాడు. తువ్వాల భుజం మీద సర్దుకుని, గొంతు మార్చి, "ఏం పాపా, మీ నాయిన పేరేంది?" అనేవాడు. నేను చెప్పేదాన్ని. "వినవడ్లే" అనేవాడు. నేను ఇంకా గట్టిగా అరిచేదాన్ని. గట్టు కింద కందిచేలో పిట్టలు లేచిపోయేవి. నాయినకు అదొక సంబరం. నా పేరు రాయడం రాకముందే ఆయన పేరు రాయడం నాకు వచ్చింది. మట్టిలో పుల్లతో ఆయనే దిద్దించాడు. ఆ పొద్దుటి నడకల కోసం ఇప్పటికీ నా ప్రాణం కొట్టుకుంటుంది. ఎన్ని దారుల్లో నడవలేదు, మళ్లీ అటువంటి నడక దొరకలేదు.

వానలు మొహం చాటేసిన ఏడు, ఆముదాలు కూడా గిడసబారిపోయినప్పుడు, నాయిన గుంపు మేస్త్రీ వెంట కాలువ పనికి పోయాడు. మా పాలమూరు వాళ్లకు ఇది కొత్త కాదు. ఎక్కడ డ్యాం కట్టినా, కాలువ తవ్వినా అక్కడ మావాళ్ల గడ్డపారలు ఉండేవి. బస్సులు ఆగే చోట లారీ నిలబడింది. అమ్మ మూట అందిస్తోంది. నాయిన నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఎవలన్న అడిగితే పేరు నువ్వే చెప్పాలె బిడ్డా. మీ అమ్మ నోరు తెరువది," అన్నాడు.

చెబుతానన్నాను. "ఏదీ, ఒకపారి చెప్పు," అన్నాడు. చెప్పాను. లారీ మీదున్న వాళ్లంతా నవ్వారు. నాయిన నా తల మీద చెయ్యి పెట్టి లేచాడు. బీడీ వాసన, చెమట వాసన కలిసిన ఆ చెయ్యి బరువు ఇంకా నా నెత్తిన ఉన్నట్టే ఉంటుంది.

మొదట్లో పీర్ల పండుగకు వచ్చేవాడు. మా వైపు కూలికి పోయినవాళ్లు ఏ పండుగకు వచ్చినా రాకున్నా పీర్ల పండుగకు వచ్చి తీరుతారు. పీర్లు లేచి అలావు నిప్పుల గుండం చుట్టూ తిరిగే వేళకు ఊరు మళ్లీ నిండేది. ఒక ఏడు గుంపంతా వచ్చింది, నాయిన రాలేదు. కాలువ పని అయిపోగానే నాలుగు పైసలు ఎక్కువిస్తారని వేరే గుంపుతో బొంబాయి దిక్కు పోయాడని మేస్త్రీ చెప్పాడు. వచ్చే పండుగకు వస్తాడన్నాడు. వచ్చే పండుగ వచ్చింది, పోయింది. మేస్త్రీ మొదట్లో ఓపికగా చెప్పేవాడు, తరువాత కసురుకునేవాడు, ఆ తరువాత అమ్మను చూస్తే దారి మార్చుకునేవాడు.

బొంబాయి బస్సు మక్తల్‌లో ఆగినప్పుడల్లా అమ్మ డ్రైవర్లను అడిగేది. ఎర్రగా పొడుగ్గా ఉంటాడని, ఎడమ చెవి తమ్మె చీలి ఉంటుందని, నవ్వితే కండ్లు మూసుకుపోతాయని చెప్పేది. వాళ్లు పేరడిగేవారు. నేను చెప్పేదాన్ని. ఆ పేరుతో బొంబాయిలో లక్ష మంది ఉంటారని ఒక డ్రైవరు అన్నాడు. అమ్మ ఆయన మీద కోపం తెచ్చుకోలేదు. లక్షమందిలో చెవి తమ్మె చీలినవాళ్లు ఎందరుంటారని నన్ను దారంతా అడిగింది.

ఊరు ఊరుకుంటుందా. అక్కడ ఇంకొకామెను చేసుకున్నాడని కొందరు, పైనుంచి పడి ఉంటాడని కొందరు. మెట్టెలు ఉంచాలా తీయాలా అని అమ్మ ముందరే తర్కించిన పెద్దమ్మలు కూడా ఉన్నారు. అమ్మ ఎవరికీ జవాబు చెప్పేది కాదు. ఇంటి తాళంచెవి మాత్రం తలుపు పక్కన గూట్లోనే పెట్టేది. నాయిన ఉన్నప్పటినుంచీ దాని చోటు అదే. రోజులు బాగాలేవు, కొంగుకు కట్టుకుని పొమ్మని ఎంతమంది చెప్పినా వినలేదు. ఆయన వేళగాని వేళ వస్తే ఎక్కడ వెతుక్కుంటాడు అనేది.

నాకు మాత్రం ఒళ్లు మండేది. నేను అమ్మలా ఓర్పుగల దాన్ని కాదు. పదో తరగతికొచ్చేసరికి నాయిన పేరు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా పళ్ల మధ్య నుంచి చెప్పేదాన్ని. ఒకసారి కోపం ఆపుకోలేక, పోయినోడు పోయిండు, ఇంక ఎన్నేండ్లు చూస్తవని అనేశాను. అమ్మ తిట్టలేదు. "పోలేదు. పనికి పోయిండు," అంది. అంతే. నేనెంత మండిపడ్డా, పీర్ల పండుగనాడు లారీ చప్పుడైతే అందరికంటే ముందు తలుపు దగ్గరికి పోయేది నేనే. కోపం ఉన్నచోట ఆశ ఉండదని ఎవరు చెప్పారో గానీ తప్పు చెప్పారు.

అప్పుడే ఒక ఎరుకల ఆమె సోది చెప్పడానికి మా వాడకు వచ్చింది. అమ్మ చాటలో జొన్నలు పోసి ఆమె ముందు కూర్చుంది. ఆమె అమ్మ చెయ్యి పట్టుకుని, పుల్లతో అరచేయి రాసి, అడిగేదేందో మనసులో తలుచుకుని ఆ మనిషి పేరు నోటితో పలకమంది. అమ్మ నా వైపు చూసింది. నేను అలవాటు ప్రకారం చెప్పేశాను. ఎరుకల ఆమె తల అడ్డంగా ఊపింది. "బిడ్డ నోటి మాట బిడ్డకే పలుకుతది తల్లీ. అడిగేటిది నువ్వు. నీ నోరు పలికితేనే నాకు దారి కనవడ్తది," అంది.

అమ్మ పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. చివరికి ఎరుకల ఆమె, తూర్పు దిక్కున నీళ్లున్న చోట సుఖంగానే ఉన్నాడని అందరికీ చెప్పే మాటే చెప్పి జొన్నలు మూట కట్టుకుని పోయింది. ఆ రోజునుంచి అమ్మకు ఒక దిగులు పట్టుకుంది. ఆ పూట నోరు తెరిచి ఉంటే తెలిసిపోయేదేమోనని. తెరిస్తే ఆయనకేమవుతుందోనన్న భయం ఒక పక్క, తెరవనందుకే దొరకలేదేమోనన్న బాధ ఇంకో పక్క. కంది పప్పు చెరుగుతూ చెరుగుతూ చాట ఆపి ఎటో చూసేది. నాకు తెలిసేది, ఆమె ఆ చాట జొన్నల దగ్గరే ఉందని.

తొంభైల్లో సర్కారు ఇంటింటి సర్వే చేయించింది. మా ఇంటికి మా బడి సారే వచ్చాడు. అరుగు మీద కూర్చుని ఇంట్లో ఎందరని అడిగాడు. ముగ్గురం అంది అమ్మ. సారు కలం ఆపి నా ముఖం చూశాడు. ఆయనకు అంతా తెలుసు. ఊళ్లో ఎవరికి తెలియదు గనుక. నేను నాయిన పేరు చెప్పాను. ఏం పని చేస్తాడంటే కూలి అని అమ్మే చెప్పింది. ఇప్పుడు ఎక్కడున్నాడని సారు అడగలేదు. అయినా అమ్మే అంది, పనికి పోయాడు, వస్తాడని. సారు తల ఊపి రాసుకుని లేచాడు. మంచివాడు. మంచినీళ్లు తాగి, బాగా చదువుకోమని నాకు చెప్పి పక్కింటికి పోయాడు.

తరువాత కొంతకాలానికి మండలాఫీసుకు కంప్యూటర్ వచ్చింది. ఎవరి ఇంట్లోనూ లేని చల్లటి గది దానికి ఇచ్చారు. కిటికీకి పచ్చ పరదా, తలుపుకు నిమ్మకాయలు, పైన పసుపు కుంకుమ. దుమ్ము పడకూడదని చెప్పులు బయట విడవమన్నారు. చెప్పులు విడవమంటే మావాళ్లకు తెలిసిన అర్థం ఒక్కటే. ముసలివాళ్లు లోపలికి పోగానే ముందు దానికి దండం పెట్టి తరువాత తమ పని చెప్పుకునేవారు. ఇంక కాగితాల కోసం తిరగక్కర్లేదని, సర్వేలో రాసుకున్న పేర్లన్నీ దాంట్లోకి ఎక్కించారని, మీట నొక్కితే ఎవరిది ఏ ఊరో ఏ ఇల్లో చెబుతుందని అన్నారు. ఆఫీసులో అన్న మాట మండలం వరకే. మా ఊరికి చేరేసరికి అది దేశమంతా అయ్యింది. ఎవరు ఎక్కడున్నా ఆ డబ్బా పట్టి చూపుతుందట అని మా వాడలో చెప్పుకున్నారు. నేను ఇంటర్ చదివిన దాన్ని గనుక అందరినీ ఎగతాళి చేశాను. అమ్మ నవ్వలేదు. ఎవరు చూశారు, ఎవరి పేరు అడిగారు, ఏం చెప్పింది అని మళ్లీ మళ్లీ అడిగింది.

టీచర్ ట్రైనింగ్‌కు కులం, ఆదాయం సర్టిఫికెట్లు కావాల్సి వచ్చి నేను మండలాఫీసుకు బయలుదేరాను. తానూ వస్తానంది అమ్మ. నేను పెద్దదాన్నయ్యాను, ఒక్కదాన్ని పోయి వస్తానన్నా వినలేదు. పెట్టెలోంచి పెళ్లినాటి నారాయణపేట చీర తీసి కట్టుకుంది. చింతపండుతో మెట్టెలు తోముకుంది. సర్టిఫికెట్ నాకా నీకా అని ఆటపట్టించాను. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పెదవులు మెల్లగా కదులుతున్నాయి. గుట్ట మీది సామిని మొక్కుకుంటోంది అనుకున్నాను.

కంప్యూటర్ ముందు ఒక అమ్మాయి ఉంది. మక్తల్ బజారులో బట్టలు కుట్టే దర్జీ బిడ్డ. పాలమూరు పోయి కంప్యూటర్ నేర్చుకుని వచ్చిందని ఊరంతా గొప్పగా చెప్పుకునేవారు. తల మీది దుపట్టా జారకుండా చెవి వెనక దోపుకుని, రెండు చేతులతో టకటకా కొట్టేది. నా కాగితాలు చూసింది, వివరాలు అడిగింది. కర్రుకర్రుమని చప్పుడు చేస్తూ మిషన్ నా సర్టిఫికెట్ బయటికి తోసింది. దాని మీద నాయిన పేరు అచ్చులో ఉంది. ఇంక ఎమ్మార్వో దొరగారి సంతకం అయితే చాలు. నేను లేచాను, అమ్మ లేవలేదు.

"బిడ్డా, దీంట్ల అందరి పేర్లు ఉన్నయట గదా," అంది ఆ అమ్మాయితో.

ఉన్నాయంది ఆ అమ్మాయి.

"ఒక మనిషి యాడున్నడో చెప్తదా?"

"పేరు చెప్పు అమ్మా, చూస్త."

నేను అలవాటుగా నోరు తెరిచాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. "నువ్వు కాదు," అంది. అప్పుడు తెలిసింది నాకు, బస్సులో ఆమె పెదవులు ఎందుకు కదిలాయో. దేవుణ్ణి మొక్కలేదు. సాధన చేసింది. సోది చెప్పే ఆమె ముందు జారవిడుచుకున్నది ఈ డబ్బా ముందు దక్కించుకుందామని వచ్చింది. ఆయుష్షు తగ్గినా సరే, ఆ తగ్గిన ఆయుష్షుతోనైనా ఆయన కనబడితే చాలని నిశ్చయించుకుని వచ్చింది. అది చెప్పే మిషన్ కాదమ్మా అని నేను అనాలి. అనలేదు.

అమ్మ నోటి మీద నుంచి కొంగు తీసింది. నాయిన పేరు చెప్పింది.

గాలి అంత మెల్లగా చెప్పింది. ఆ అమ్మాయి చెవి ముందుకు పెట్టి, "జర గట్టిగ చెప్పు అమ్మా, వినవడ్లే," అంది. పెళ్లినాడు మా మేనత్త అన్న మాటే, గట్టు మీద నాయిన అన్న మాటే. అమ్మ మళ్లీ చెప్పింది. ఈసారి గది అంతా వినపడింది. అన్నేళ్లు నేను చెప్పిన పేరు అది కాదనిపించింది. నేను ఎవరికో రాసుకోవడానికి చెప్పేదాన్ని. అమ్మ పక్కగదిలో ఉన్నవాణ్ణి అన్నానికి పిలిచినట్టు చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. దాంతోపాటు కొంచెం కుళ్లు కూడా వచ్చింది. నాయిన నాకిచ్చి పోయిన పేరు అది. ఇన్నాళ్లూ నా ఒక్కదానిదే అనుకున్నాను.

ఆ అమ్మాయి ఊరిపేరు కూడా అడిగి, మీటలు కొట్టి, తెర వైపు చూసింది. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు కిందికి జారి ఆగాయి.

"ఉన్నడమ్మా," అంది.

అమ్మ చెయ్యి బల్ల అంచు పట్టుకుంది. "యాడున్నడు బిడ్డా?"

ఆ అమ్మాయి వేలు పెట్టి చదివింది. మా ఊరు. మా వాడ. మా ఇంటి నంబరు. "మీ ఇంట్లనే ఉన్నడు కదమ్మా," అని నవ్వబోయి, అమ్మ ముఖం చూసి ఆగిపోయింది. నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆ పిల్లకు ఎంత అర్థమయిందో గానీ దుపట్టా సర్దుకుని, గొంతు తగ్గించి, దీంట్లో ఈ మండలం వరకే ఉంటుందని, బయటి ఊర్లవి రావని చెప్పింది.

అమ్మ కాసేపు ఆ తెరనే చూసింది. ఆమెకు అక్షరాలు రావు. "మంచిది బిడ్డా, సల్లగుండు," అని లేచింది.

దొరగారి సంతకం అయ్యేదాకా బయట వేపచెట్టు కింద కూర్చున్నాం. బస్సు దిగాక మా ఊరికి కాలిబాట. ఎప్పుడూ దారిలో ఎవరి చేను చూసినా ఆగి పలకరించే మనిషి, ఆ రోజు ఎవరివైపూ చూడలేదు. "జల్ది నడువు," అంది ఒక్కసారి. నడక పెంచింది. పెళ్లిచీర కుచ్చిళ్లు చేత్తో ఎత్తిపట్టుకుని గట్టు వెంట ఆమె ముందు, నేను వెనక. ఎందుకు అంత తొందరో నేను అడగలేదు. ముగ్గురమని సర్వే సారుకు చెప్పింది అమ్మ. పేరు చెప్పింది నేను. మేం చెప్పిన మాటే ఆ మిషన్ మాకు తిప్పి చెప్పిందని ఇద్దరికీ తెలుసు. తెలిసి కూడా ఇద్దరం దాదాపు పరిగెత్తుతున్నాం. ఇంటర్ చదివిన నేను, అందరినీ ఎగతాళి చేసిన నేను, మా వాడ మలుపు తిరిగేసరికి అమ్మను దాటిపోయాను.

తలుపుకు తాళం అలాగే ఉంది. అమ్మ వచ్చి గూట్లో చెయ్యి పెట్టింది. తాళంచెవి ఉంది. ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది. దాన్ని తీసి చేతిలో పట్టుకుని గడప మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. ఇద్దరికీ ఆయాసం తగ్గలేదు.

"గంత పెద్ద మిషన్. గది గూడ ఉన్నడనే అంటాంది గదా," అంది అమ్మ.

నాకు కోపం రావాలి. రాలేదు. అవునమ్మా అన్నాను. లోపలికి పోయి పొయ్యి ముట్టించాను.

తరువాత అమ్మకు భయం పట్టుకుంది. మర్నాడే చెప్పుల్లేకుండా గుట్ట ఎక్కి సామికి చెప్పుకుని వచ్చింది. ఒకసారి చెప్పినా పోయేది, రెండుసార్లు చెప్పాను, ఎంత తగ్గిందో ఏమో అని బాధపడేది. ఆ దర్జీ బిడ్డకు చెవుడు, తప్పు ఆమెది, ఆ రెండోసారి లెక్క ఆమె ఖాతాలో వేస్తాడు సామి అని నేను నవ్వించబోయేదాన్ని. నవ్వేది, మళ్లీ దిగులు పడేది. ఆ పేరు మళ్లీ ఎన్నడూ పలకలేదు.

ఇప్పుడు ఆ చల్లటి గదులు, పచ్చ పరదాలు లేవు. అన్ని ఆఫీసులూ కలిసి చేతిలోని ఫోనులోకి వచ్చాయి. నేను నారాయణపేటలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ ఇన్నేళ్లు గడిపాను. ఆదాయం సర్టిఫికెటైనా, కరెంటు బిల్లయినా, పుట్టిన తేదీ కాగితమైనా సర్కారు పోర్టల్ తెరిచి పేరు కొడితే వస్తుంది. చుట్టుపక్కల వాళ్లకు నేనే చేసి పెడుతుంటాను. ఎవరూ చెప్పులు విడవరు, ఎవరూ దండం పెట్టరు. పని సులువయింది, కాదనను. చెట్టు కింద పొద్దంతా కూర్చోబెట్టి పంపే ఆఫీసుల మీద నాకు ప్రేమేమీ లేదు. అయినా పేరు అడిగి, తల ఎత్తి మన ముఖం చూసే మనిషి ఎదురుగా లేకపోతే ఏదో వెలితిగానే ఉంటుంది.

చివరి రోజుల్లో అమ్మ నా దగ్గరే ఉండేది. ఓటు మాత్రం ఊరినుంచి మార్చనివ్వలేదు. ఓటర్ల జాబితా రాసుకునేవాళ్లు వచ్చినప్పుడల్లా ఊరికి పోయి అరుగు మీద కూర్చుని అదే మాట చెప్పి వచ్చేది, పనికి పోయిండు, వస్తడని. వాళ్లూ సారులాగే రాసుకుపోయేవారు. అప్పుడప్పుడు నా ఫోను చూపించి "జర చూడు" అనేది. ఏం చూడాలో చెప్పేది కాదు. నేను పోర్టల్ తెరిచి జాబితాలో మా ఇంటి నంబరు దగ్గర ఆపేదాన్ని. అమ్మ పేరు, పక్కన భర్త పేరు. ఆ పైన నాయిన పేరు. అక్షరాలు రాకపోయినా అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆమెకు తెలిసిపోయింది. "ఉన్నడా?" అనేది. ఉన్నడమ్మా అనేదాన్ని. ఫోను నాకిచ్చి తన పనిలో పడేది.

పోయిన వానాకాలం అమ్మ పోయింది. దినాలయ్యాక ఊరికి పోయి, ఇల్లు ఊడ్చి, అరుగు మీద కూర్చుని ఫోను తీశాను. జాబితాలోంచి అమ్మ పేరు తీయించాలి. పోర్టల్ ఎవరి పేరు తీయాలని అడిగింది. కారణం అడిగింది. మరణించారు అని ఒకటి, ఇక్కడ ఉండడం లేదు అని ఒకటి. మొదటిది నొక్కాను. భర్త పేరు రాయమంది. మట్టిలో పుల్లతో దిద్దినట్టు ఒక్కొక్క అక్షరం కొట్టాను. కొడుతూ కొడుతూ పైకే అనేశాను. మరీ మెల్లగా అన్నట్టు తోచి, ఇంకోసారి గట్టిగా అన్నాను. ఎదురింటి అరుగు మీది ముసలాయన తల తిప్పి చూశాడు.

రెండో కారణం తెర మీద అలాగే ఉంది. నాయినకు అది సరిపోతుంది. ఒక్క వేలు చాలు. సర్కారు లెక్క కూడా సరైపోతుంది. నేను దాని జోలికి పోలేదు. నాయిన మీద నా కోపం ఏమయిందో నాకు తెలియదు. వెతికినా దొరకలేదు.

కొన్నాళ్లకు జాబితా మారి వచ్చింది. అమ్మ ఉన్న వరుస పోయింది. మా ఇంటి నంబరు కింద ఇప్పుడు నాయిన ఒక్కడే ఉన్నాడు. అది చూసి మళ్లీ ఊరికి పోయాను. ఇల్లంతా ఒకసారి తిరిగి, కుండలో నీళ్లు మార్చి, తలుపు మూసి తాళం వేశాను. చెవి గూట్లో పెట్టి బస్సు కోసం నడిచాను.